ఒక స్థానిక నేతగాడు

"బయట కూర్చో నిస్సీ, ఒక గంటలో పిలుస్తాం" అన్నాడు మా గైడ్ సుందరరాజు సార్, నవ్వుతూనే. వరండాలోకి వచ్చి కూర్చున్నాను. గోడవారన బిగించిన ఇనుప కుర్చీ మే నెల ఎండకు కాలుతోంది, కాలనీ. లోపల ఇంటర్వ్యూలో ముప్పావుగంట సేపు ముగ్గురూ అడిగినవాటన్నిటికీ తడబడకుండా చెప్పాను. ఉపగ్రహాన్ని కక్ష్యలో అటూ ఇటూ జరపడానికి విషం లేని పచ్చ ఇంధనం ఎందుకు కావాలో, దానితో చిన్న ఇంజిన్‌ను ఎన్నిసార్లు నడిపి ఆపవచ్చో, వచ్చే రెండేళ్ళు, పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగమైన ఈ పోస్ట్‌డాక్‌లో ఏం చేస్తానో అన్నీ చెప్పాను. అంతా అయిపోయాక సార్ సొరుగు తెరిచి ఒక గాజు పెట్టె తీసి బల్లమీద పెట్టాడు. అందులో మా వెండి జల్లెడ ఉంది, బొటనవేలి గోరంత గుండ్రటి ముక్క. దాని కింద మడత విప్పిన కాగితం, పేటెంటు దరఖాస్తు. కనిపెట్టినవారు అన్నచోట రెండు పేర్లు. ఒకటి సుందరరాజు. ఇంకొకటి ఆయన పక్కన కూర్చున్న కంపెనీ మనిషి విజయ్ కుమార్. నేను ఆ మనిషిని చూడడం ఇవాళే మొదలు. ఆ జల్లెడను ఆయన చూడడం కూడా బహుశా ఈ మధ్యనే మొదలు.

కాగితాన్ని తలకిందులుగా చదవడం నాకు చిన్నప్పుడే వచ్చు, మా నాయన మగ్గానికి ఎదురుగా కూర్చుని బడి పుస్తకం చదువుకునేదాన్ని, ఎదురుగా కూర్చున్నవాళ్ళ పుస్తకం కూడా ఇటువైపు నుంచే చదివేసేదాన్ని. అందుకే రెండు పేర్లూ చదవగలిగాను. నా పేరు లేదు, సరే, అది నేను ఊహించగలిగిందే, ఇలాంటివి ప్రతి చోటా జరుగుతాయని హాస్టల్లో నా గదిలో ఉండే లోహిత ఎన్నిసార్లు చెప్పిందో. కానీ ఆ వెంటనే సార్ అన్న మాట ఉంది చూడండి, "ఇలాంటివి ఇంకో రెండొందలు కావాలి నిస్సీ, మీ ఊళ్ళో ఆ నేతగాడు ఉన్నాడు కదా, అతనితో చేయించగలవు కదా" అన్నాడు. ఆ నేతగాడు. నాలుగేళ్ళ కిందట నగరిలో మా ఇంటికి వచ్చి మగ్గం గుంట పక్కన స్టూలు మీద కూర్చుని, మా నాయన చేత్తో ఇచ్చిన మజ్జిగ రెండు గ్లాసులు తాగి, "శాంతయ్య గారూ, మీ అమ్మాయి బంగారం" అన్న నోటితోనే అన్నాడు. చేయించగలను అన్నానా? ఏమన్నాను? తల ఊపాను. అలవాటైపోయిన తల. ఐదేళ్ళు ఊపిన తల.

నా తర్వాత వంతు ఇదే ఉద్యోగానికి వచ్చిన బాలచంద్రది. ఫైలు గుండెకు హత్తుకుని, నన్ను చూసి మర్యాదగా తలవంచి లోపలికి వెళ్ళాడు. అతని మీద కూడా కోపం వచ్చింది, పాపం అతను ఏం చేశాడని. తలుపు మూసుకుంది. లోపల నవ్వులు వినిపించాయి. నాతో కూడా మొదట అలాగే నవ్వారు. ఇప్పుడు అర్థమవుతోంది, నన్ను ఈ ఇంటర్వ్యూకు పిలిచింది నా చదువు కోసం కాదు. ఆ జల్లెడ నేయడం ఈ చుట్టుపక్కల ఒక్క మనిషికే వచ్చు, ఆ మనిషి నా మాట తప్ప ఇంకొకరి మాట వినడు, అందుకు. నేను పరిశోధకురాలిని కాదు, మధ్యలో నిలబడి సరుకు తెప్పించే మేస్త్రీని. పోస్ట్‌డాక్ అట.

మునికృష్ణ ప్లాస్టిక్ గ్లాసులో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. మా ప్రయోగశాలలో టెక్నీషియన్, పూతలపట్టు మనిషి, యాభై దాటాయి, నేను ఈ క్యాంపస్‌లో అడుగుపెట్టిన మొదటి రోజు "ఈ పచ్చ ఇంధనం అంటారే మేడం, అది నిజంగా పచ్చగా ఉంటాదా?" అని అడిగినవాడు. నీళ్ళలాగే ఉంటుందని చెబితే చాలాసేపు నిరాశపడ్డాడు. పాత ఇంధనం హైడ్రజీన్ కూడా నీళ్ళలాగే ఉంటుంది, కానీ దాన్ని నింపేవాళ్ళు తలనుంచి కాళ్ళదాకా రబ్బరు తొడుక్కుని, గాలి గొట్టం తగిలించుకుని, వ్యోమగాముల్లాగా నడుస్తారు. పీలిస్తే ప్రాణానికే ముప్పు. ఒక పరీక్షా కేంద్రంలో శిక్షణకని పంపినప్పుడు చూశాను. దూరంగా తెల్ల గీత అవతల నిలబెట్టారు మమ్మల్ని. ఆ తొడుగు విప్పుకుని ఒకతను బయటికి వచ్చి, చెమటతో తడిసిన చొక్కా పిండుకుని, ఎవరితోనూ ఏమీ అనకుండా గోడ నీడలో కూలబడ్డాడు. ఆ మనిషి పేరు నేను అడగలేదు. కానీ ఆరోజే అనుకున్నాను, ఆ తొడుగు అవసరం లేని ఇంజిన్ చేస్తానని. మేం వాడేది పుండ్లు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడే, కాకపోతే చాలా చిక్కనిది. అది వెండి జల్లెడలోంచి పోతే చాలు, నిప్పు లేకుండానే భగ్గుమని వేడి ఆవిరిగా మారి సన్నటి మూతిలాంటి నాజిల్‌లోంచి తన్నుకుని బయటికి వస్తుంది. అంతే, ఉపగ్రహం కదులుతుంది. వినడానికి ఎంత తేలిక. ఆ జల్లెడే మా పాలిట శని అయింది.

రెండేళ్ళు. బజారులో దొరికే ముప్పై వెండి జల్లెడలను ఒకదానిమీద ఒకటి పేర్చి బిగిస్తే ఇంజిన్ ఇరవైసార్లు బాగా నడిచేది, ఆ తర్వాత వేడికి వెండి మెత్తబడి, తీగలు పక్కకు జారి, ఒకదానికొకటి అతుక్కుని ముద్దయ్యేవి. దారి మూసుకుపోయేది. సార్ వారానికొకసారి వచ్చి "ఇంకా అక్కడే ఉన్నావా" అని వెళ్ళేవాడు. ఒక శనివారం విసుగుపుట్టి ఆ మాడిన ముక్కల్లో ఒకటి జేబులో వేసుకుని నగరి బస్సు ఎక్కాను. ఇంట్లో అన్నం తింటూ ఊరికే తీసి చూపించాను, బాధ చెప్పుకోవడానికి, సలహా అడగడానికి కాదు. సలహా అడగాలని నాకు తోచనేలేదు. నాయన కంచం పక్కకు జరిపి, కళ్ళజోడు పెట్టుకుని, వెలుతురుకు పట్టి చూసినాడు. ఇదిగో, ఇంటివాళ్ళను తలుచుకుంటే నాకు మా మాటే వస్తుంది, చూసినాడు అనే. "ఎవురు నేసినారు పాపా దీన్ని? సాదా నేత. పేక పోగును పట్టుకునేది ఏముండాది ఈడ? వేడి తగిలితే జారకుండా ఏం చేస్తాది?" అన్నాడు. మగ్గాలున్న ఆ వీధిలో పక్కింటి పవర్‌లూమ్ చప్పుడుకు మేం ఎప్పుడూ అరిచే మాట్లాడుకుంటాం, ఆ మాటలు కూడా అరిచే అన్నాడు. పాత క్యాలెండరు కాగితం వెనక పెన్సిల్‌తో గీసి చూపించినాడు. నిలువు పోగులైన పడుగులో తీగలను జంటలు చేసి, అడ్డంగా వచ్చే ప్రతి పేక తీగ దగ్గరా ఆ జంటను మెలేస్తే పేక ఎటూ జరగలేదు. పడుగు వెండి వద్దు, స్టీలు పెట్టు, వెండి మెత్తబడినా స్టీలు పట్టుకుంటాది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ అది లేదు.

మూడు వారాలు పట్టింది ఆయనకు. వెండి తీగ పదిసార్లు వంగితే తెగుతోంది, దీపం సెగకు చూపించి మెత్తబరచాలని ఆయనే కనుక్కున్నాడు. వేళ్ళ చివర్లు కోసుకుపోయి టేపు చుట్టుకుని నేసినాడు. మొదటి ముక్కలు ఇంజిన్‌లో బిగించిన రోజు నేనూ మునికృష్ణా ఇసుక బస్తాల గోడ వెనక కూర్చుని లెక్కపెట్టాం. ఇరవై. యాభై. వంద. మునికృష్ణ కణతలు నొక్కుకుంటూ "నా వల్ల కాదు మేడం, మీరు లెక్కపెట్టండి" అని లేచి వెళ్ళిపోయి మళ్ళీ వచ్చాడు. నాలుగు వందల పన్నెండు సార్లు నడిచి ఆగింది, అదీ జల్లెడ చెడి కాదు, మా ఇంధనం అయిపోయి. నోటుబుక్కులో ఆ పేజీ కింద నేను సంతకం పెట్టి, సాక్షిగా అతనితో పెట్టించాను. క్యాలెండరు కాగితాన్ని ఆ పక్క పేజీలోనే అంటించాను. సార్ వచ్చి చూసి నా భుజం తట్టి "మనం సాధించాం" అన్నాడు. మనం! ఆ మనంలో అప్పుడు అందరం ఉన్నామనుకున్నాను. ఇప్పుడు ఆ మనంలో ఇద్దరు మిగిలారు, అందులో ఒకడు ఇసుక బస్తా ఎప్పుడైనా చూశాడో లేదో.

లోపలికి వెళ్ళి ఆ గాజు పెట్టె నేలకేసి కొట్టాలని ఉంది. సార్, మీకు మెలి నేత అంటే తెలుసా, ఒక్క తీగ మెలేసి చూపించండి, అని అరవాలని ఉంది. ఆయన ఏమంటాడో కూడా తెలుసు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. "నువ్వు రాసిన పేపరే తీసి చూడు నిస్సీ, అందులో ఎవరి పేరుంది?" అంటాడు. నా పరిశోధన పేపర్. మొదటి పేరు నాది, రెండోది ఆయనది. చివర్లో కృతజ్ఞతల దగ్గర, "ఈ జల్లెడలను ఒక స్థానిక నేతగాడు నేశాడు". అంతే. నాయన పేరు రాశాను, సారే ఎర్ర పెన్నుతో కొట్టేశాడు, ఇంట్లోవాళ్ళ పేర్లు రాస్తే సమీక్షకులు నవ్వుతారన్నాడు. రెండేళ్ళుగా అదే అనుకుంటున్నాను. లోహితకూ అదే చెప్పాను. కానీ ఇప్పుడు ఈ కాలే కుర్చీలో కూర్చుని ఆ కాగితాన్ని కళ్ళముందుకు తెచ్చుకుంటే, ఎర్ర గీతలు మొదటి పేజీలో ఉన్నాయి, పటం కింద ఉన్నాయి, ఆఖరి పేరా మీద అడ్డంగా ఉన్నాయి, ఆ వాక్యం మీద మాత్రం లేవు. ఎందుకు లేవు? కొట్టేయడానికి అక్కడ ఏ పేరూ లేదు గనక. మొదటి ప్రతిలోనే నేను అలా రాశాను. దానికి నెల ముందు బెంగళూరులో ఒక సదస్సులో భోజనాల దగ్గర ఒకావిడ మీ నాన్నగారు ఏం చేస్తారని అడిగితే, టెక్స్‌టైల్స్‌లో ఉన్నారని చెప్పాను. హాస్టల్‌కు తిరిగి వచ్చి పేపర్ రాస్తూ, ఎన్. శాంతయ్య, నేతగాడు, నగరి అని టైపు చేసి, కాసేపు చూసి, చెరిపేశాను. నేనే. ఎవరూ చెప్పకుండానే.

అదొక్కటే అయితే ఇంత మంట ఉండేది కాదేమో. పేపర్ అచ్చయ్యాక ఒక ప్రతి తీసుకుని ఇంటికి వెళ్ళాను. "నా పేరు యాడుండాది?" అని అడిగినాడు నాయన. ఆయనకు తెలుగు వార్తాపత్రిక మొత్తం చదవడం వచ్చు, ఇంగ్లీషు అక్షరం రాదు. నేను ఆ వాక్యం మీద వేలు పెట్టి "ఇదే నాయనా" అన్నాను. ఆయన ఆ చోట తన వేలు కూడా పెట్టి చూసుకున్నాడు. మర్నాడే తీసుకెళ్ళి లామినేషన్ చేయించి మగ్గం పైన దూలానికి వేలాడదీశాడు, వచ్చిన ప్రతి మనిషికీ చూపిస్తాడు, చర్చిలో పాస్టరు గారికి కూడా చెప్పాడు. సుందరరాజు సార్ నా పేరు దొంగిలించాడు, నిజమే. ఆయన కనీసం ఎవరి వేలూ పట్టుకుని అబద్ధం మీద పెట్టలేదు.

ఫోన్ తీశాను. తీసి పెట్టేశాను. మళ్ళీ తీశాను. నాయన రెండో రింగుకే ఎత్తాడు, వెనక పవర్‌లూమ్ దడదడ. "ఏమైంది పాపా, ఇచ్చినారా?" అన్నాడు. ఇంకా చెప్పలేదన్నాను. వాళ్ళకు ఇంకో రెండొందలు కావాలట నాయనా అన్నాను. "నేస్తాలే, దానికేముండాది" అన్నాడు సంతోషంగా. ఆ సంతోషం విని తట్టుకోలేకపోయాను. గొంతు తగ్గిస్తే వినపడదు, అందుకని వరండాలో నిలబడి అరిచే చెప్పాను, పేటెంటు కాగితంలో వాళ్ళ పేర్లే రాసుకున్నారని.

"పోనీలే, నీ దాంట్లో మన పేరుండాది గదా" అన్నాడు.

"లేదు నాయనా."

"ఏం లేదు?"

"నీ పేరు లేదు. నేను రాయలేదు. ఎవురో ఒక నేతగాడు అని రాసినా. నీకు చూపించింది అదే."

పవర్‌లూమ్ అటువైపు కొట్టుకుంటూనే ఉంది. ఆయన మామూలు గొంతుతో, అరవకుండా అన్నాడు, అయినా నాకు ప్రతి అక్షరం వినిపించింది. "నాకు సదువు రాదనే గదా ఏలు పెట్టి సూపించినావు." కట్ చేశాడు.

మునికృష్ణ ఎప్పుడొచ్చాడో తెలియదు, స్తంభం పక్కన నిలబడి నేల చూస్తున్నాడు. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా అర్హత ఉండాలనిపించింది. మళ్ళీ కూర్చుని ఫోన్‌లోనే మా పేపర్ అచ్చువేసిన పరిశోధన పత్రిక సంపాదకుడికి రాయడం మొదలుపెట్టాను. వేళ్ళు తప్పులు కొడుతున్నాయి, చెరిపి మళ్ళీ కొట్టాను. మా వ్యాసంలో ఒక స్థానిక నేతగాడు అన్నచోట ఉండవలసింది నగరికి చెందిన ఎన్. శాంతయ్య. స్టీలు పడుగు, వెండి పేక, మెలి నేత అనే ఆలోచన, దాని మొదటి చిత్రం ఆయనవి. ఆయనను రచయితల్లో చేర్చవలసి ఉంది. ఆ పేరు వదిలేసింది మొదటి రచయితనైన నేను, తెలిసే వదిలేశాను. పంపాను, సార్‌కు కూడా ఒక ప్రతి వెళ్ళేలా. పంపాక అర్థమైంది, బేరమాడడానికి నా చేతిలో ఇంక ఏమీ లేదని. ముందు లోపలికి వెళ్ళి, పేర్లు మార్చకపోతే ఇది పంపుతానని బెదిరించి ఉండవచ్చు. లోహిత అయితే అలాగే చేసేది. కానీ నాయన పేరును మళ్ళీ దేనికో ఒకదానికి బదులుగా వాడడం, అది ఇంక నావల్ల కాదు. "ఆ నోటుబుక్కు నా బీరువాలో ఉండాది మేడం, తాళం నా దగ్గరే" అన్నాడు మునికృష్ణ, నేను అడగకుండానే. "నా సంతకం నాదే అని యాడైనా చెప్తా." వెళ్ళి తెచ్చి ఇచ్చాడు.

తలుపు తెరిచి నన్నే పిలిచారు. బాలచంద్ర ఒక పక్కన నిలబడ్డాడు. "అభినందనలు" అన్నాడు సార్, ఒక ఒప్పంద పత్రం ముందుకు తోశాడు. ఇంతవరకు చేసిన పనిమీద, ఇకముందు చేసే పనిమీద నాకు ఏ హక్కూ లేదని, మూడు నెలల్లో రెండొందల జల్లెడలు తెప్పిస్తానని అందులో ఉంది. నేను కూర్చోలేదు. మెయిల్ చూడమన్నాను. ఆయన చూశాడు. ఆ మొహంలో రంగు మారడం ఐదేళ్ళలో మొదటిసారి చూశాను.

"నేసినవాళ్ళందరూ కనిపెట్టినవాళ్ళయితే, వెల్డింగ్ చేసినవాడి పేరు కూడా రాయాలి కదా నిస్సీ" అన్నాడు.

"వెల్డింగ్ చేసినాయనకు మీరు డ్రాయింగ్ ఇచ్చినారు సార్. మా నాయనకు డ్రాయింగ్ ఎవురిచ్చినారు?"

ఈ క్యాంపస్‌లో ఐదేళ్ళుగా నాలుక మడిచి దాచుకున్న మా ఊరి మాట అలాగే బయటపడింది. మార్చుకోలేదు. నోటుబుక్కు తెరిచి బల్లమీద పెట్టాను. మూడో మనిషి పంకజాక్షి గారు, బయటినుంచి వచ్చిన నిపుణురాలు, పదవీ విరమణ చేసిన ఇంజినీరు, అంతవరకు రెండు ప్రశ్నలకు మించి అడగని ఆవిడ, దాన్ని తన వైపు తిప్పుకుని క్యాలెండరు కాగితాన్ని చాలాసేపు చూశారు. తేదీ చూశారు. పేటెంటు దరఖాస్తు తేదీ చూశారు. "సుందరరాజు గారూ, నేను ఈ ఎంపిక నివేదిక మీద సంతకం చేయను" అన్నారు. తర్వాత నాతో, "ఈ పేటెంటు ఇంకా మంజూరు కాలేదమ్మా. అభ్యంతరం వేయవచ్చు. వేయండి" అన్నారు. విజయ్ కుమార్ తన ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు.

"నువ్వు సంతకం పెట్టకపోతే ఈ పోస్టు బాలచంద్రకు వెళ్తుంది" అన్నాడు సార్. "ఆ నేతకు ఇంకో నేతగాడు దొరక్కపోడు."

"దొరుకుతాడు సార్" అన్నాను. "ఆయన పేరు కూడా అడిగి రాసుకోండి."

బయటికి వచ్చేశాను. నోటుబుక్కు తిరిగి మునికృష్ణ చేతికే ఇచ్చి తాళం వేయమన్నాను, ప్రతి పేజీకీ ఫోటో తీసుకున్నాక. బాలచంద్రకు పోస్టు ఇస్తారు, ఇవ్వనీ, పంకజాక్షి గారి సంతకం లేకుండా ఎలా ఇస్తారో వాళ్ళే చూసుకుంటారు. నాకు మాత్రం రాదు. ఐదేళ్ళలో నేను చేసిన ఒకే ఒక ఇంజిన్‌ను ఇంక నేను ముట్టుకోలేను. ఆ ఆలోచన బస్టాండులో నగరి బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక గానీ నా దాకా రాలేదు. వచ్చాక కోపం పోలేదు, పెరిగింది, కానీ ఇప్పుడు అభ్యంతర పత్రంలో ఏమేం రాయాలో వరసగా తోస్తోంది. దానికి భయం లేదు. భయమంతా ఇంటి గడప దగ్గర ఉంది. నాయనకు మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు.

వడమాలపేట దాటాక ఆయనే చేశాడు. ఉద్యోగం ఏమైందని అడగలేదు. రాలేదని నేనే చెప్పాను. పేపర్ వాళ్ళకు తప్పు దిద్దమని రాశానని, పేరు రాశానని చెప్పాను.

"ఇంగ్లీషులో రాసినావా?"

"ఇంగ్లీషులోనే నాయనా."

"ఏమేం అక్షరాలు?"

"ఇంటికొచ్చి సూపిస్తా."

"నువ్వు సూపించొద్దు" అన్నాడు. గొంతులో ఇంకా కోపం ఉంది, ఏమాత్రం తగ్గలేదు. "ఒక్కో అక్షరం చెప్పు. తెలుగులో రాసుకుంటా. అచ్చయి వచ్చినాక ఇంకొకరి చేత చదివించుకుంటా."

కాగితం సర్దుకుంటున్న చప్పుడు. పక్క సీట్లో పూలబుట్ట పెట్టుకున్న ఆమె నా మొహం చూసి కొంచెం జరిగి కూర్చుంది. బస్సు రొదలో వినపడదేమోనని నిలబడి, ముందు సీటు కడ్డీ పట్టుకుని, గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను.

"ఎన్" అన్నాను.

"ఎన్" అన్నాడు. రాసుకున్నాడు. "ఆ. తర్వాత?"